ఎల్లాప్రగడ సుబ్బారావుగారి చదువు

ప్రతి సంవత్సరము వేసవి కడపట పరీక్షాఫలితములు వెలువడిన దినమున వర్లిలోని తెలుగువారి చాళ్లలో ఒక విధమైన న్యాయవిచారణ జరుగుచుండును. ఉత్తీర్ణుడైన బాలుని యింటివారు పేడాలు పంచుదురు. తప్పిన బాలుని యింట దీపము పెట్టిన వెనుక తండ్రియు, మేనమామయు, పొరుగున నున్న పెద్దమనిషియు గూర్చుండి, వీనికి చదువబ్బదనియు, ఏదేని పనిలో బెట్టుట మేలనియు తీర్మానింతురు. ముద్దాయిని ఏమియు నడుగరు. ఆ తీర్పుపై అప్పీలు లేదు. మిల్లులు నడచిన కాలమున ఆ పని సాంచాల కడ దొరకెడిది. 1982వ సంవత్సరపు సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి గనుక నేడది దుకాణమునందో, సామానులు చేరవేయు బండిమీదనో దొరకుచున్నది. పని మారినది గాని తీర్పు మారలేదు.

ఆ పెద్దలను నిర్దయులని నిందించుట న్యాయము కాదు. బొంబాయి నగరమును గట్టిన చేతులలో తెలుగు చేతులు పెక్కు. నైజాము సీమనుండి తాపీపనికిని, రాతిపనికిని వచ్చిన కామాఠీల పేరనే కామాఠిపుర వెలసినది. వెనుకవచ్చిన పద్మశాలీలు మిల్లులలో కుదిరి వర్లి, పరేలు ప్రాంతములలో నిలిచిరి. 1920వ సంవత్సరము తరువాత కొలది యేండ్లలో బొంబాయి డెవలప్‌మెంటు శాఖవారు వర్లిలో కట్టించిన 121 చాళ్లలో ఒక్కొక్క కుటుంబమునకు దక్కినది 160 చదరపు టడుగుల గది యొక్కటి. వంటయు, నిద్రయు, చదువును అందులోనే జరుగవలెను. ఆ చాళ్ల స్థానమున ఇప్పుడు ఎత్తైన భవనములు లేచుచున్నవి. గది పెద్దదైనను జీతము పెద్దది కాదు. ఒక్కని సంపాదనపై నైదుగురు బ్రతుకు ఇంట పరీక్ష తప్పిన పిల్లవానికి రెండవ యవకాశ మిచ్చుటయే కష్టము. మూడవ యవకాశము మాట చెప్పనేల?

మూడవ యవకాశమున మెట్రిక్యులేషను గట్టెక్కిన ఒక తెలుగు బాలుని చరిత్రము ఈ సందర్భమున స్మరింపదగియున్నది. వారు డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. వారు బొంబాయి నివాసులు కారు. భీమవరమున జన్మించి, చెన్నపురిలో చదివి, అమెరికాలో దేహము చాలించినవారు. అయినను వారి కృషి, వర్లి చాళ్లనుండి కాలినడకను పోదగిన దూరమున పరేలులో జరిగిన యొక యన్వేషణముతో కడకు కలిసికొన్నది. ఆ కలయిక యెట్టిదో తెలియవలెనన్న మొదట వారి చదువు నడచిన దారిని తెలిసికొనవలెను. ఆ దారి తిన్ననిది కాదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి మండలములోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. సంతానము హెచ్చు, ఆదాయము తక్కువ. పదమూడేండ్ల ప్రాయమున ఈ బాలుడు ఒక బంధువుతో గూడి, కాశీకి బోయి యాత్రికులకు అరటిపండ్ల నమ్మి ధనవంతుడ గావలెనని యిల్లు విడిచి బయలుదేరెను. తల్లి పట్టువిడువక వెనుకకు రప్పించి మరల బడిలో గూర్చుండబెట్టెను. మహనీయుల చరిత్రములు వ్రాయువారు వారి బాల్యములోనే భావి వైభవపు జాడలను జూపుట వాడుక. ఇచ్చట నట్టి జాడ యేదియు లేదు. ఆనాడు ఆ బాలుని మనసునందున్నది ధనము, శాస్త్రము కాదు.

రాజమహేంద్రవరములో చదువు సరిగ సాగలేదు. వ్యాధివలన ఆప్తులు మరణించుటచే ఇల్లు కలతపడియుండెను. మెట్రిక్యులేషను పరీక్ష రెండు పర్యాయములు తప్పినది. చెన్నపురికి బోయి హిందూ హైస్కూలులో చేరి మూడవసారి కృతార్థులైరి. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివిరి. ఆ దినములలో వారి మనసు రామకృష్ణ మఠమువైపు మొగ్గినది. సన్యసింపవలెనని కోరిరి గాని తల్లి సమ్మతింపలేదు. తల్లి యనుజ్ఞ లేక సన్న్యాసము లేదు గనుక, వైద్యము నేర్చి ఆ మార్గమున జనసేవ చేయవచ్చునను తలంపుతో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. ధనాకాంక్షతో మొదలై, వైరాగ్యమువైపు తిరిగి, ఆ రెంటికిని నడుమ వైద్యముకడకు వచ్చిన దారి యిది. శాస్త్రాసక్తి యింకను వారియందు స్పష్టముగా నేర్పడలేదు.

అది యేర్పడినది దుఃఖమువలన. ఆయన సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలోనే ఒకే వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిని వైద్యులు స్ప్రూ అందురు. మన గ్రంథములలోని సంగ్రహణికి దగ్గరిది. ఉష్ణదేశములలో కనబడు ఈ వ్యాధియందు చిన్నప్రేవులు ఆహారసారమును గ్రహింపజాలవు. విరేచనములు విడువక పట్టును, నాలుక పుండుపడును, రక్తము పలుచనై దేహము పాలిపోవును, తినుచుండియే మనుష్యుడు కృశించి మరణించును. ఆ కాలమున వైద్యకళాశాలలో ఈ వ్యాధి లక్షణములను చెప్పగలవారు గలరు. కారణము చెప్పగలవారు లేరు. మందు చెప్పగలవారు అసలే లేరు. తోబుట్టువుల నేది చంపినదో తన పుస్తకములలో లేకపోవుట వైద్యవిద్యార్థికి సామాన్యమైన వేదన కాదు. దానికి సమాధానము ఎక్కడ దొరకునో అక్కడికి బోవలెనను పట్టుదల సుబ్బారావుగారి తరువాతి చదువునంతటిని నడిపినది.

కళాశాలలో వారి దారికి మరియొక యడ్డు తగిలినది. గాంధీ మహాత్ముని పిలుపు విని వారు ఖద్దరు ధరింప మొదలిడి, శస్త్రచికిత్సాశాలలో గూడ ఖద్దరు దుస్తులే తొడిగిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది సరిపడలేదు. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను వారికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రము మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించిరి గాని ఫలింపలేదు. ఇట్లు మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పి, పెద్దపట్టము చేజారి, సర్కారు కొలువు దొరకని యువకుడు, లోకము దృష్టిలో చదువు చెడినవాడే. వర్లిలోని పెద్దమనిషి యైనను, భీమవరములోని పెద్దమనిషి యైనను తీర్పు వేరుగ చెప్పియుండడు.

1919వ సంవత్సరమున కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వారికి వివాహమైనది. వైద్యవిద్యకగు వ్యయములో మామగారు తోడ్పడిరి. సర్కారుద్యోగము రాకపోగా సుబ్బారావుగారు చెన్నపురిలో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకులైరి. చాలమంది పాశ్చాత్యవైద్య పట్టభద్రులకు అది అవమానముగ దోచును. వారికట్లు తోచలేదు. మన మూలికలలో గుణమున్నదని యెరిగి, ఆ గుణము ఏ పదార్థమువలన గలుగుచున్నదో వేరుపరచి చూడవలెనని తలచిరి. ఒక ముడిపదార్థమునందలి సారమును విడదీసి పట్టుకొనుట యన్నదే తరువాత వారి జీవితమంతయు చేసిన పని. అందుకు తగిన రసాయనశాల చెన్నపురిలో లేదు. ఆ సమయమున ఒక అమెరికా వైద్యునితో దైవికముగ గలిగిన పరిచయము, సముద్రమవతల ఉష్ణదేశవ్యాధుల విద్య నేర్పు విశ్వవిద్యాలయము గలదని తెలిపినది.

ధనమెక్కడిది? ఈ ప్రశ్న మన పాఠకులలో ననేకులకు సుపరిచితము. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థవారు సహాయము చేయుదుమని వాగ్దానమిచ్చిరి. మామగారు మరికొంత సమకూర్చిరి. నాయకరుగారు జమీందారు కారు. పొట్టకూటికి రంగూను చేరి, స్వకష్టముతో ధనమార్జించి, దానిని విద్యాధర్మములకు వినియోగింపుమని వ్రాసియిచ్చిన వారు. పరాయి రేవులో చెమటోడ్చిన యొక తెలుగువాని సొమ్ము మరియొక తెలుగువాని పైచదువునకు దారిబత్తెమగుట బొంబాయి తెలుగువారు మరువరాని విషయము.

1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరము చేరిరి. చేతిలో ధనము లేదు, ఎల్.ఎం.ఎస్.తో వైద్యము చేయుటకు ఆ దేశమున అధికారము లేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవైద్య విద్యార్థిగ చేరి, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రముచేయు కొలువు చేసి పొట్టపోసికొనిరి. వైద్యుడు చేయవలసిన పని కాదని వారు తలపలేదు. వారు వెడలిన పిమ్మట ఇచ్చట భార్యకు కుమారుడు కలిగి, శైశవముననే మరణించెను. తండ్రి బిడ్డ ముఖము నెరుగడు. భార్య మరల భర్త ముఖము నెరుగదు. కొలది సంవత్సరములలో తిరిగి వత్తునని వెళ్లిన యాయన ఇరువదియారేండ్లలో ఒక్కమారైనను రాలేదు. ఈ చరిత్రమును పొగడువారు ఈ లెక్కను గూడ చెప్పవలెను. శాస్త్రమునకు ఆయన చెల్లించిన మూల్యములో సగము శేషగిరిగారు చెల్లించినది.

ఉష్ణదేశవైద్యమున పత్రము పొందిన పిదప సుబ్బారావుగారు ఆ విశ్వవిద్యాలయముననే సైరస్ ఫిస్కు అను ఆచార్యుని క్రింద జీవరసాయన శాస్త్రమున ప్రవేశించిరి. వైద్యమునుండి రసాయనమునకు మరలుట దారి తప్పుట వలె కనబడును. కాని రోగకారణము తెలియవలెనన్న దేహములో జరుగు రసాయనిక వ్యాపారము తెలియవలెను. అది తెలియవలెనన్న కొలుచుటకు సాధనము గావలెను. ఆ కాలమున రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును కొలుచుట కష్టముగ నుండెను. ఫిస్కుగారును సుబ్బారావుగారును దానికొక సులభపద్ధతిని కనుగొని 1925లో ప్రకటించిరి. భాస్వరసంబంధమైన లవణమును మాలిబ్డికామ్లముతో కలిపి, ఆ కలయికను తగిన మరియొక పదార్థముచే మార్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరము హెచ్చినకొలది నీలము చిక్కనగును. రంగును చూచి పరిమాణము చెప్పవచ్చును. తరువాత తరతరముల విద్యార్థులు ఈ పద్ధతిని ఆ ఇరువురి పేరుతోనే నేర్చికొనిరి.

కొలబద్ద చేతికి వచ్చిన పిదప క్రొత్తవి కనబడక మానవు. 1927లో వారు కండరములందు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును గుర్తించిరి. కండరము పనిచేయునప్పుడు ఇది విడిపోవును. విశ్రాంతి యందు మరల కూడుకొనును. కండరబలమునకు లాక్టికామ్లమే మూలమని నమ్ము కాలమది. ఆ కండరపరిశోధనలకే 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించియుండెను. ఈ క్రొత్త సాక్ష్యముతో ఆ సిద్ధాంతము కదలినది. 1929లో వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుపరచిరి. ప్రాణులన్నియు శక్తిని వ్యయపరచునది ఈ నాణెము రూపముననే యని తరువాతివారు నిరూపించిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు గూడ స్వతంత్రముగ దానిని కనుగొనెను. అభిమానముచే ఒక్కరికే కీర్తి గట్టబెట్టుట వలదు; ఇరువురికిని న్యాయముగ చెందినది. 1930లో హార్వర్డువారు సుబ్బారావుగారికి పిహెచ్.డి. పట్టమిచ్చిరి. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు.

ఇంతటి కృషి జరిగినను ఆ విశ్వవిద్యాలయమున వారికి స్థిరమైన పదవి లభింపలేదు. ఆ దేశపు న్యాయముకూడ ప్రతికూలముగనే యుండెను. వారు బోస్టను చేరిన నాలుగు నెలలకే, 1923 ఫిబ్రవరిలో, అమెరికా సుప్రీముకోర్టు భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున, భారతీయులు పౌరత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. ఆ తీర్పు నీడలోనే సుబ్బారావుగారు రెండు దశాబ్దములకు పైగా పనిచేసిరి.

కండరముల శోధనలో కీర్తి గడించినవాడు ఆ దారినే సాగుట లోకసహజము. కాని ఆయన మొదటి ప్రశ్నను మరువలేదు. 1926లో బోస్టను నగరముననే మైనట్, మర్ఫీ అను వైద్యులు, అంతవరకు మరణమే గతియని తలచిన ఒక పాండురోగము కాలేయమును భుజించుటచే కుదురునని చూపియుండిరి. కాలేయమునందలి ఆ సారమేమి? స్ప్రూ రోగియందును రక్తము పాలిపోవును గదా, రెంటికిని సంబంధమున్నదా? ఈ తలంపుతో సుబ్బారావుగారు కాలేయసారమును భాగములుగ విడదీసి, ఒక్కొక్క భాగమును శోధింప దొడగిరి. ఆయుర్వేద కళాశాలలో మూలికలకు జేయదలచిన పనియే యిది.

ఇదే వ్యాధికుటుంబమును వెదకుచు, భూమి యీవలి ప్రక్కన, మన బొంబాయిలో ఒక స్త్రీ పనిచేయుచుండెను. ఆమె లండనులో చదివిన వైద్యురాలు లూసీ విల్స్. 1928లో ఆమె బొంబాయికి వచ్చి పరేలులోని హాఫ్‌కిన్ సంస్థ నాశ్రయించి పరిశోధన మారంభించెను. ఈ నగరమున బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలు గర్భవతులైనప్పుడు రక్తము క్షీణించి, పాలిపోయి, పలువురు మరణించుచుండిరి. వారి రక్తకణములు సంఖ్యలో తగ్గి పరిమాణమున పెద్దవిగ నుండెను. అంటువ్యాధి యేమోయని మొదట వెదకి, కాదని తేల్చి, ఆమె దృష్టి వారి భోజనముపై నిలిపెను. పండ్లు, కూరలు, పాలు కొనజాలని యిండ్లలోనే యీ వ్యాధి హెచ్చు. కోతులకు అట్టి తిండియే పెట్టి రోగమును పుట్టించి, ఈస్ట్ సారమును తినిపించి కుదిర్చెను. మార్మైట్ అను పేరుతో అంగడిలో చవుకగ దొరకు ఆ సారమే రోగిణులకును ప్రాణమిచ్చినదని 1931లో ప్రకటించెను. బొంబాయికి ఆకలి నేర్పిన పాఠమది. కాని ఈస్ట్‌లోని ఆ గుణము ఏ పదార్థమునదో ఎవరికిని తెలియదు. పేరు లేకపోగా దానిని విల్స్ పదార్థమని వ్యవహరింప దొడగిరి.

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ వద్ద నున్న లెడర్లీ ఔషధపరిశోధనాలయమున చేరిరి. త్వరలోనే పరిశోధనాశాఖకు అధిపతులైరి. మరుసటి యేట టెక్సాసులో మరికొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అత్యల్పమైన యొక ద్రవ్యమును తీసి, ఆకుకు సంబంధించిన లాటిను మాటనుబట్టి దానికి ఫోలికామ్లమని పేరిడిరి. టన్నులకొలది ఆకును పిండి మందు చేయుట జరుగని పని. ద్రవ్యనిర్మాణము తెలిసి, రసాయనశాలలో దానిని కట్టగలిగిననే లోకమునకు లాభము. సుబ్బారావుగారు రసాయనికులను, సూక్ష్మజీవిశాస్త్రజ్ఞులను ఒక దళముగ కూర్చి ఆ పనికి నియమించిరి. 1945లో దళము కృతకృత్యమైనది. పాలకూరలో, కాలేయములో, పరేలులో లూసీ విల్స్ వాడిన ఈస్ట్ సారములో దాగియున్నది ఆ యొక్క ద్రవ్యమే యని తేలినది. కొలదికాలములోనే క్యూబా, పోర్టోరికో దీవులలోని స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూచిరి. మంచమునకు అంటుకొనిన రోగులు లేచి కూర్చుండిరి.

భీమవరపు యువకుని ప్రశ్నకు సమాధానము దొరకినది. సోదరులకు అందలేదు, రెండు దశాబ్దములు మించిన జాగైనది. మరియొక చిత్రము గలదు. స్ప్రూ రోగమునకు నేడు వైద్యులిచ్చు మందులు ముఖ్యముగ రెండు: ఫోలికామ్లమొకటి, టెట్రాసైక్లిను రెండవది. ఈ రెండవ జాతి మందులలో మొదటిదగు ఆరియోమైసినును 1948లో లోకమునకు ప్రకటించినదియు ఆ పరిశోధనాలయమే. దానిని మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి కనుగొన్నది డెబ్బది యేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, సుబ్బారావుగారు కాదు. ఉద్యోగవిరమణ చేసిన వృద్ధునికి పనియిచ్చి, మట్టి వెదకుటకు సాధనములిచ్చిన శాఖకు అధిపతులు మాత్రము వారే. ఇతరులు కాలము చెల్లినదనుకొనిన మనిషియందు యోగ్యతను గుర్తించుట, తానట్టి తీర్పులకు గురియైనవానికి తెలియకుండునా?

ఆ దళము చేసిన మరి రెండు పనులు చెప్పవలసియున్నవి. ఫోలికామ్లమునకు రూపమున దగ్గరగనుండి, గుణమున దానికి విరోధమైన ద్రవ్యములను వారు తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు వానిలో నొకదానిని, ల్యూకీమియా యను రక్తసంబంధమైన రాచపుండుతో మరణించుచున్న పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగనైన వెనుదీయునని 1948లో చూపెను. ఆ జాతిలోని మెథోట్రెక్సేటు నేటికిని పలు రాచపుండ్లకును, కీళ్లవాతమునకును వాడుకలో నున్నది. రెండవది బోదకాలు మందు. కోస్తా గ్రామములలో పుట్టినవానికి బోదకాలు ఎట్టిదో చెప్పనక్కరలేదు. 1947లో ఆ పరిశోధనాలయమునుండి వెలువడిన డైఇథైల్‌కార్బమజీను, రక్తములోని బోదపురుగు పిల్లలను నశింపజేయును. మన దేశమున బోదకాలు నివారణకై ఊరూర ఉచితముగ పంచు మాత్రలలో నేటికిని అది ముఖ్యమైనది.

1948 ఆగస్టు నెలలో, తమ 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే మరణించిరి. భారతీయులకు పౌరత్వార్హత నిచ్చు శాసనము అమెరికాలో 1946లో వచ్చినను, వారు ఆ దేశపు పౌరులు కాకమునుపే కన్నుమూసిరి. వారికి పెద్ద బహుమానములు రాలేదు. ఒక శిలీంధ్రమునకు వారి పేరిడిరి. మన తపాలాశాఖవారు 1995లో, శతజయంతి సంవత్సరమున, వారి బొమ్మతో బిళ్ల ముద్రించిరి. అంతకుమించిన స్మారకచిహ్నము మరియొకటి గలదు గాని, దానిపై వారి పేరు లేదు. నేడు భారతదేశమున ప్రతి గర్భవతికిని ఆరోగ్యకేంద్రమున ఇచ్చు ఇనుపమాత్రయందు 500 మైక్రోగ్రాముల ఫోలికామ్లము గలదు. ఒకప్పుడు లూసీ విల్స్ కండ్లయెదుట మిల్లు స్త్రీలు పాలిపోయి మరణించిన ఈ ప్రాంతముననే, వారి మునిమనుమరాండ్రు ఆ మాత్రను మింగి సుఖముగ ప్రసవించుచున్నారు.

ఈ చరిత్రమునుండి పరీక్ష తప్పుట గొప్పయని యెవరును గ్రహింపరాదు. తప్పిన ప్రతి బాలుడును సుబ్బారావు కాడు. పట్టుదల యున్న ప్రతివానికిని కాకినాడ ధర్మసంస్థ దొరకదు. అయినను మన తీర్పులు ఏ సాక్ష్యముపై నాధారపడుచున్నవో ఒకమారు విమర్శించుకొనవలెను. ఒక సంవత్సరము, ఒక ప్రశ్నపత్రము, ఒక అంకె: ఇంత స్వల్పసాక్ష్యముపై ఏ న్యాయస్థానమును యావజ్జీవశిక్ష వేయదు. మన యిండ్లలో వేయుచున్నాము. వేసిన పిదప మన జాతియందు శాస్త్రజ్ఞులు పుట్టుటలేదని విచారించుచున్నాము.

ఈ నగరమున తెలుగువారి సంఘములు, కులసంఘములు పెక్కు గలవు. అట్టి సంఘములు సభలు జరిపి అగ్రశ్రేణిలో ఉత్తీర్ణులైన పిల్లలకు బహుమానము లిచ్చుట సంతోషకరమే. కాని అగ్రశ్రేణివానికి సహాయము చేయువారు వేరుగ గూడ దొరకుదురు. ఆ సొమ్ములో కొంతభాగమును, తప్పియు చదువు విడువనని పట్టుబట్టిన బాలబాలికల రెండవ, మూడవ పరీక్షకై కేటాయించినచో అంతకంటె నాయకరుగారి ధర్మమునకు తగిన వారసత్వము లేదు. ఆ దరఖాస్తులో మార్కుల గడి ప్రక్కన మరియొక గడి చేర్పవలెను: నీకు తెలియక నిన్ను బాధించుచున్న విషయమేది యని. ఇంటి పెద్దలును తీర్పునకు ముందు ముద్దాయిని ఆ మాట యడుగవలెను. జవాబు లేకపోయిన వానిని పనిలో బెట్టుడు, తప్పులేదు. జవాబున్నచో వాని పుస్తకములను ఇంకొక యేడు అటకమీద బెట్టకుడు.